గాలి మ్యాట్ కొనే ముందు: స్వాతికి పెద్దమ్మ ఉత్తరం

స్వాతీ,

టెంటులో పడుకోవడానికి కింద పరుచుకునే మ్యాట్లంటూ నువ్వు పంపిన మూడింటి వివరాలూ తీరిగ్గా కూర్చుని చదివాను. నవంబర్లో ఫ్రెండ్స్‌తో పాడేరు దగ్గరి వంజంగి కొండ, డిసెంబర్ చివర్లో ఉత్తరాఖండ్‌లో మంచు కొండ కేదార్‌కంఠ. రెండింటికీ ఒకే గాలి మ్యాట్ సరిపోతుందా అని అడిగావు. మంచిది చూసి కొంటే సరిపోతుంది. నువ్వు పంపిన మూడింట్లో మాత్రం అలాంటిది లేదు.

మొదటిది నాలుగు అంగుళాల మందం, దిండు దానికే అతికి ఉంది, రేటు కూడా తక్కువే. నీ మనసు దాని మీదే ఉందని తెలుస్తూనే ఉంది. కానీ కింద రాసిన వివరాలు ఇంకోసారి చదువు. బరువు రాశారు, రంగులు రాశారు, ఎన్ని కిలోల మనిషిని మోస్తుందో రాశారు. ఆర్-వాల్యూ, అంటే మన వేడి నేలకి పోకుండా మ్యాట్ ఎంత ఆపుతుందో చెప్పే అంకె, అది మాత్రం రాయలేదు. చలి ప్రదేశం కోసం కొనే మ్యాట్‌కి ఆ అంకె ఇవ్వకపోతే నేనైతే దాన్ని అక్కడికక్కడే పక్కన పెట్టేస్తాను. అది మే నెలలో భీమిలి బీచ్‌కి బాగుంటుంది, మంచు మీదకి కాదు.

ఎందుకో చెబుతాను. చలి అనగానే మనకి గాలే గుర్తొస్తుంది. అందుకే ఉన్న డబ్బంతా స్లీపింగ్ బ్యాగ్ మీద పెట్టి, కింద పరుచుకునేది ఏదో ఒకటిలే అనుకుంటారు. బ్యాగ్‌లోని పీచు గానీ ఈకలు గానీ ఉబ్బి ఉన్నప్పుడే వేడిని పట్టి ఉంచుతాయి. మన బరువుకి నలిగిపోయిన అడుగు భాగం ఎంత ఖరీదైన బ్యాగ్‌లోనైనా పెద్దగా పనిచేయదు. అక్కడ నేలకీ మన ఒంటికీ మధ్య అడ్డుండేది మ్యాటే. బ్యాగ్ మీద 'మైనస్ 10' అని వేస్తారు చూడు, సరిగ్గా పరీక్షించి ఇచ్చినదైతే ఆ అంకె కూడా కింద వెచ్చటి మ్యాట్ వేసి చూసిందే. మ్యాట్ పల్చనిదైతే ఆ మైనస్ 10కి అర్థం లేదు.

మందంగా ఉంటే వెచ్చగానే ఉంటుంది కదా అంటావేమో. లోపల ఉత్త గాలి తప్ప ఇంకేమీ లేని మ్యాట్‌లో అలా కుదరదు. మనం కదిలినప్పుడల్లా పైనున్న వెచ్చటి గాలి, కిందున్న చల్లటి గాలి కలిసిపోయి, మన వేడి నేలకి చేరిపోతుంది. దాన్ని ఆపడానికే మంచి మ్యాట్ల లోపల సన్నటి పీచు పొరో, ఈకలో, వేడిని వెనక్కి తిప్పికొట్టే మెరుపు రేకులో పెడతారు. అవి ఎంతవరకు ఆపుతున్నాయో చెప్పేదే ఆర్-వాల్యూ. ఎంత ఎక్కువుంటే అంత వెచ్చన. ఒకప్పుడు ఒక్కో కంపెనీ తనకి నచ్చినట్టు కొలుచుకునేది. 2018లో అమెరికాలో ఏఎస్‌టీఎం ఎఫ్3340 అనే ప్రమాణం వచ్చింది. వేడి పలకకీ చల్లటి పలకకీ మధ్య మ్యాట్‌ని ఉంచి, పై పలక వేడి తగ్గకుండా ఉండాలంటే ఎంత కరెంటు పడుతోందో చూస్తారు. ఆ పేరు రాసి ఉంటే రెండు కంపెనీల అంకెలని పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు. నీ రెండో మ్యాట్‌కి 'ఆర్-వాల్యూ 6' అని పెద్ద అక్షరాల్లో వేశారు, ఎలా కొలిచారో ఎక్కడా లేదు. ఆ రేటుకి 6 వస్తుందంటే నాకు నమ్మబుద్ధి కావడం లేదు.

నీకెంత కావాలి? పాడేరు, లంబసింగి వైపు చలికాలంలో తెల్లవారుజామున పది డిగ్రీల లోపుకి పడిపోతుంది. నేల చల్లగా, మంచుకి తడిగా ఉంటుంది గానీ గడ్డకట్టదు. దానికి 2 నుంచి 3 చాలు. కేదార్‌కంఠ సంగతి వేరు. శిఖరం 3,810 మీటర్లు. కొండ కింది ఊరు సాంక్రీ నుంచి ఎక్కుతూ నువ్వు పడుకునే క్యాంపులు దానికంటే కిందే అయినా, డిసెంబర్ చివరికి టెంటు కింద మంచు ఉండొచ్చు. అక్కడికి 5కి తగ్గకూడదు. నీకు అసలే అరికాళ్ళు చల్లబడే ఒళ్ళు, 6 దాకా ఉంటే నాకు నిశ్చింత.

అంత అంకె ఒక్క మ్యాట్‌లోనే రావాలంటే బాగా ఖర్చవుతుంది. థర్మారెస్ట్ వాళ్ళ ఎక్స్‌థర్మ్ ఎన్ఎక్స్‌టీ అనేది 7.3, దాని కింది మోడల్ ఎక్స్‌లైట్ ఎన్ఎక్స్‌టీ 4.5. అమెరికాలోనే ఖరీదైన సరుకు, ఇక్కడికి వచ్చేసరికి ఇంకా పెరుగుతుంది. ఏడాదికి ఒకటి రెండుసార్లు కొండలెక్కే నీకు అంత అక్కర్లేదు. ఇక్కడ ఒక సులువుంది. ఒకదాని మీద ఒకటి వేస్తే ఆర్-వాల్యూలు కలుస్తాయి. 4 ఉన్న గాలి మ్యాట్ కింద 2 ఉన్న ఫోమ్ షీట్ వేస్తే 6. మడత పెట్టే ఫోమ్ షీట్ అర కిలో కూడా ఉండదు, బ్యాగ్ బయట కట్టుకోవచ్చు. పైగా రాత్రి గాలి మ్యాట్ పంచర్ అయితే కనీసం అది ఉంటుంది. మంచు మీదకి వెళ్ళేటప్పుడు ఉత్త గాలి మ్యాట్‌నే నమ్ముకుని వెళ్ళడం నాకు ఎప్పుడూ నచ్చదు.

అయితే డబ్బు కట్టే ముందు నీ ట్రెక్ వాళ్ళకి ఒక ఫోన్ చెయ్యి. కేదార్‌కంఠకి తీసుకెళ్ళేవాళ్ళు చాలామంది టెంటు, స్లీపింగ్ బ్యాగ్, ఫోమ్ మ్యాట్ వాళ్ళే ఇస్తారు. ఎంత మందం, ఎన్ని ఇస్తారు, టెంటులో ఎంతమందిని పడుకోబెడతారు అని సూటిగా అడుగు. ఫోమ్ మ్యాట్ ఇస్తామంటే నువ్వు కొనాల్సింది దాని మీదకి గాలి మ్యాట్ ఒక్కటే. ముగ్గురిని పెడతామంటే మాత్రం వెడల్పు మ్యాట్ పట్టదు. కాబట్టి ముందు అది తేల్చుకో.

ఇక సుఖంగా నిద్ర పట్టడం గురించి. నువ్వు చిన్నప్పటి నుంచీ పక్కకి తిరిగి, మోకాళ్ళు ముడుచుకుని పడుకుంటావు. వెల్లకిలా పడుకునేవాళ్ళకి బరువు వీపంతా పరుచుకుంటుంది, రెండంగుళాల మందం సరిపోతుంది. పక్కకి పడుకుంటే ఆ బరువంతా తుంటి మీద, భుజం మీద పడుతుంది. నీకు మూడు అంగుళాలు ఉండాలి. వెడల్పు ఇంకా ముఖ్యం. మామూలుగా అమ్మేవి 20 అంగుళాలు ఉంటాయి. నువ్వు మోకాళ్ళు ముడిస్తే అవి మ్యాట్ దాటి చల్లటి నేల మీదకి వెళ్ళిపోతాయి. 25 అంగుళాల వెడల్పుది తీసుకో. కాళ్ళ వైపు సన్నబడే రకం కాకుండా చివరిదాకా ఒకే వెడల్పున్నది చూడు. బరువు తగ్గించడానికి ఆ మూలలు కోసేస్తారు. వంద గ్రాముల కోసం రాత్రంతా పాదాలు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తంటాలు పడటం దేనికి? మీ ఇద్దరు పట్టే టెంటు లోపలి వెడల్పు మాత్రం టేపుతో కొలుచుకో. రెండు వెడల్పు మ్యాట్లు పక్కపక్కన వేస్తే 50 అంగుళాలు కావాలి. కొన్ని టెంట్లు కాళ్ళ దగ్గర అంత ఉండవు.

మ్యాట్ మీద గాలి గదులు అడ్డంగా ఉన్నాయా, నిలువుగా ఉన్నాయా అనేదానికి పెద్ద పట్టింపు లేదు. అంచుల్లో గదులు కాస్త ఎత్తుగా ఉంటే మాత్రం దొర్లి కింద పడరు.

కొనేది షాపులో పడుకుని చూసి కొను. సిగ్గుపడకు. డెకాథ్లాన్ లాంటి చోట గాలి నింపి చూపించమంటే చూపిస్తారు. చెప్పులు విప్పి పది పదిహేను నిమిషాలు నీ అలవాటు ప్రకారం పడుకో, ఇటూ అటూ తిరుగు. ఒక నిమిషం కూర్చుని లేస్తే ఏ మ్యాటైనా బాగున్నట్టే ఉంటుంది. అన్నిటికంటే ముందు ఒకటి గుర్తుంచుకో, బిగుతుగా నింపకు. చాలామంది మ్యాట్ బాగాలేదని తిట్టుకునేది గాలి ఎక్కువ కొట్టినందుకే. నిండా నింపి, దాని మీద పక్కకి తిరిగి పడుకుని, వాల్వ్‌ని కొంచెం కొంచెంగా వదులుతూ పో. తుంటి నేలకి తగలబోయే ముందు ఆపెయ్. నీ మెత్తదనం అదే.

తిరుగుతున్నప్పుడు చప్పుడు కూడా విను. లోపల మెరుపు రేకు ఉన్నవి కొన్ని చిప్స్ ప్యాకెట్ నలిపినట్టు కరకరలాడతాయి. నీకు ఫర్వాలేకపోయినా పక్కన పడుకున్న పిల్లకి నిద్ర ఉండదు.

గాలి నోటితో ఊదకు. మన ఊపిరిలో తేమ ఉంటుంది, అది లోపలి పీచుకో ఈకలకో పట్టి కొన్నాళ్ళకి బూజు వాసన వస్తుంది. మూడు వేల మీటర్ల ఎత్తులో, రోజంతా నడిచి వచ్చి, ఊదుతూ కూర్చుంటే కళ్ళు తిరుగుతాయి కూడా. పంప్ సంచీ కలిపి ఇచ్చే మ్యాట్ తీసుకో. సంచీలో గాలి పట్టి మూతి చుట్టి నొక్కితే నాలుగైదు సార్లలో నిండిపోతుంది, పగలు బట్టలు తడవకుండా అందులోనే పెట్టుకోవచ్చు. బ్యాటరీ పంపులు ముద్దుగా ఉంటాయి గానీ చలికి బ్యాటరీ నీరసపడుతుంది, వంజంగి వరకైతే సరే. వాల్వ్ వెడల్పుగా, గాలి లోపలికి పోవడమే గానీ నింపేటప్పుడు బయటికి రానిది ఉండాలి.

అర్ధరాత్రి మ్యాట్ మెత్తబడితే 'పంచర్ అయింది' అని టెన్షన్ పడకు. గాలి చల్లబడితే కుంచించుకుపోతుంది. సాయంత్రం 20 డిగ్రీల్లో నింపిన గాలి మైనస్ 5కి వచ్చేసరికి దాదాపు పన్నెండో వంతు తగ్గుతుంది. అన్నం తిని పడుకోబోయే ముందు, మ్యాట్ చల్లబడ్డాక ఇంకో రెండు సంచుల గాలి కొట్టు. దీనికి వ్యతిరేకం కూడా జరుగుతుంది. పగలు నిండుగా నింపిన మ్యాట్‌ని ఎండలో వదిలేస్తే గాలి పెరిగి లోపలి అతుకులు ఊడిపోతాయి. అలా ఊడి ఒకచోట బుడగలా పైకి లేచిన మ్యాట్‌ని ఇంట్లో ఎవరూ బాగుచేయలేరు.

పంచర్ మాట వచ్చింది కాబట్టి. మంచులో కంటే మన కొండల మీదే దానికి ప్రమాదం ఎక్కువ. తుమ్మ ముళ్ళు, పల్లేరుకాయలు టెంటు అడుగుని కూడా పొడుచుకుని వస్తాయి. టెంటు వేసే చోట ముందు చెప్పుకాలితో ఊడ్చి, తర్వాత అరచేత్తో తడిమి చూడు. కింద టార్పాలిన్ వెయ్యి. మ్యాట్ గుడ్డ దారం ఎంత మందమో డెనియర్ అనే అంకెలో చెబుతారు, 20 డెనియర్ కంటే 30, 40 డెనియర్ ఉన్నది తీసుకో, కాస్త బరువైనా. వంజంగిలో చలిమంట వేసుకుంటారు, నిప్పురవ్వ పడితే క్షణంలో చిల్లు, కాబట్టి మంట పక్కకి మ్యాట్ తీసుకెళ్ళొద్దు. ప్యాచ్‌లు, చిన్న స్పిరిట్ వైప్‌లు పర్సులో పెట్టుకో. సబ్బు నీళ్ళు రాస్తే చిల్లు దగ్గర బుడగలొస్తాయి. అక్కడ తుడిచి, పూర్తిగా ఆరాక ప్యాచ్ వేసి గట్టిగా నొక్కాలి. తడి మీద వేస్తే అంటదు.

వంజంగికి జీపులోనే వెళ్తారు కాబట్టి మన అటక మీద ఉన్న గొంగళి తీసుకెళ్ళు. మ్యాట్ మీద పరిస్తే స్లీపింగ్ బ్యాగ్ జారిపోదు, వెచ్చదనం అదనం. గొర్రెల కాపరులు ఆ గొంగళి మీదే పొలాల్లో రాత్రుళ్ళు గడిపేస్తారు.

నువ్వు పంపిన మూడో మ్యాట్, వాల్వ్ తిప్పగానే తనంతట తనే నిండేది, చెడ్డదేం కాదు. లోపలి ఫోమ్ ఉబ్బుతూ గాలిని పీల్చుకుంటుంది. 1970ల మొదట్లో సియాటిల్‌లో, బోయింగ్‌లో పనిచేసిన ఇంజినీర్లే మొదట చేశారు దాన్ని. వెచ్చగా, కదలకుండా ఉంటుంది. కానీ బరువు, చుట్ట పెద్దది, వీపున మోసుకెళ్ళడానికి పనికిరాదు. మీ అమ్మ వంజంగి వస్తానంటోందిగా, ఆవిడ కోసం అది కొను. మోకాళ్ళ నొప్పితో గాలి మ్యాట్ మీద నుంచి లేవడం ఆవిడ వల్ల కాదు. ఇంటికి తెచ్చాక దాన్ని చుట్టి కట్టేసి ఉంచొద్దు, ఫోమ్ అణిగిపోతుంది. వాల్వ్ తెరిచి మంచం కింద పరిచి ఉంచమను.

నీది మాత్రం వచ్చిన రోజే నింపి, మీద నాలుగు పుస్తకాలు పెట్టి రాత్రంతా వదిలెయ్. తెల్లారేసరికి బాగా దిగిపోయి ఉంటే, వాపసు గడువు దాటకముందే పంపించెయ్. ట్రెక్ వాళ్ళు ఫోమ్ మ్యాట్ గురించి ఏమన్నారో ఆదివారం ఫోన్‌లో చెప్పు.

ప్రేమతో,
పెద్దమ్మ