స్కాలర్‌లో 14, స్కోపస్‌లో 9: దరఖాస్తులో ఏ హెచ్-ఇండెక్స్ రాయాలి?

రెండూ సరైనవే. హెచ్-ఇండెక్స్ 9 అంటే కనీసం తొమ్మిదేసి సైటేషన్లు (ఇతరుల ఉటంకింపులు) వచ్చిన పేపర్లు మీకు తొమ్మిది ఉన్నట్టు. గూగుల్ స్కాలర్ థీసిస్‌లు, ప్రీప్రింట్లలోని (జర్నల్ సమీక్షకు ముందే బయటపెట్టిన ప్రతులు) సైటేషన్లనూ లెక్కేస్తుంది. స్కోపస్ అనే పరిశోధన డేటాబేస్ తాను ఎంపిక చేసుకున్న ప్రచురణలకే పరిమితం. అయినా 9 మరీ తక్కువనిపిస్తే స్కోపస్‌లో మీ పేరు వెతకండి. ఇంటిపేరు ఒక పేపర్లో పూర్తిగా, మరోదాంట్లో పొడి అక్షరంగా ఉంటే రెండు ప్రొఫైళ్లు తయారవ్వొచ్చు, అప్పుడు సైటేషన్లు చీలిపోతాయి. రెండింటినీ ఎంచుకుని విలీనానికి అభ్యర్థన పంపండి, ఆర్కిడ్‌కు (పరిశోధకులకిచ్చే గుర్తింపు సంఖ్య) జోడించండి.

స్కాలర్‌లో మీ పేరే ఉన్న వేరొకరి పేపర్లు చేరాయేమో చూసి తీసేయండి. ప్రీప్రింట్, జర్నల్ ప్రతి విడిగా కనిపిస్తే టిక్ పెట్టి కలపండి.

దరఖాస్తులో అంకె పక్కన డేటాబేస్ పేరు, చూసిన తేదీ తప్పనిసరి. ఇతరులతో సహకారాన్ని చూపడానికి సహరచయితల సంఖ్య ఒక్కటే రాయకండి (వందమంది పేర్లున్న ఒక్క పేపర్ చాలు, అది ఉబ్బిపోవడానికి). మొదటి లేదా కరెస్పాండింగ్ రచయితగా (పేపర్ గురించి సంప్రదించాల్సిన వ్యక్తి) ఎన్ని పేపర్లు ఉన్నాయో విడిగా చూపండి.