బీపీ మాత్రకు లేని అభ్యంతరం డిప్రెషన్ మాత్రకు ఎందుకు?

సైంటాలజీ లాంటి కొత్త మతాలకు సైకియాట్రీ అంటే ఎందుకంత పడదు, వాళ్లు నిజంగా నమ్మే అంటారా లేక వ్యాపారమా అని అడిగారు. చదివి తెలుసుకున్నది కొంత, మా ఇంట్లో చూసింది కొంత చెప్తాను.

ముందు సైంటాలజీ. దాన్ని పెట్టిన ఎల్. రాన్ హబ్బర్డ్ అనే అమెరికన్ రచయిత 1950లో 'డయనెటిక్స్' అనే పుస్తకం రాశాడు. పాత దెబ్బల జ్ఞాపకాలు మనసులో పేరుకుపోయి మనిషిని పీడిస్తాయని, ఎదురుగా ఒకరు కూర్చుని ప్రశ్నలు అడుగుతూ పోతే అవి వదిలిపోతాయని దాని సారం. గమనించండి, అది మతంగా మొదలవలేదు, మనసుకు వైద్యంగా మొదలైంది. అదే ఏడాది అమెరికా సైకాలజిస్టుల సంఘం, ఆధారాలు లేవు కాబట్టి ఈ పద్ధతులను పరిశోధనకు తప్ప వాడొద్దని తన సభ్యులకు చెప్పింది. సైంటాలజీ చర్చి పుట్టింది ఆ తర్వాత, 1953-54లో. ఆ ప్రశ్నలు అడిగేటప్పుడు చేత్తో పట్టుకోమనే ఈ-మీటరు అనే విద్యుత్ పరికరాలను 1963లో అక్కడి ఔషధ నియంత్రణ శాఖ జప్తు చేసింది. అంటే మొదటి నుంచీ ఇది సవతుల పోరు. మనసు బాగుచేసేది మేమంటే మేమని. (హబ్బర్డ్ 1947లో తనకు మానసిక చికిత్స కావాలని మాజీ సైనికుల శాఖకు స్వయంగా ఉత్తరం రాసుకున్నాడు. అది వేరే సంగతి.)

అయితే సైకియాట్రీ మీద వాళ్ల వాదనలో పస లేదని కాదు. మెదడులో నరాలు కోసే లోబోటమీకి 1949లో నోబెల్ బహుమతి ఇచ్చారు, అంటే ఆ పుస్తకం రావడానికి ముందటి ఏడాదే. సిడ్నీలో చెల్మ్స్‌ఫర్డ్ అనే ప్రైవేటు మానసిక ఆసుపత్రి మనుషులను మందులతో రోజుల తరబడి నిద్రపుచ్చింది, ఇరవై మందికి పైగా చనిపోయారు. దానిమీద విచారణ జరగాలని ఏళ్ల తరబడి పోరాడినవాళ్లలో సైంటాలజీ వాళ్లు 1969లో డాక్టర్ థామస్ సాజ్‌తో కలిసి పెట్టిన సంస్థ కూడా ఉంది. ఈ సాజ్ స్వయంగా సైకియాట్రీ ప్రొఫెసరే, సైంటాలజిస్టు కాదు. కాబట్టి వాళ్లు చెప్పేదంతా కట్టుకథ అని తీసిపారేయలేం. కానీ తప్పులు చేయని వైద్యం ఏముంది? గుండె డాక్టర్ల మీద, సర్జన్ల మీద ఈ కొత్త మతాలు ఇలా పగబట్టలేదే. అసలు విషయం వేరే ఉందని నాకు అర్థమైంది మా అన్న వల్ల.

అన్న అంటే మా పెద్దమ్మ కొడుకు. హిందూపురం నుంచి వచ్చి బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. బైపోలార్, అంటే కొన్నాళ్లు హద్దులేని హుషారు, కొన్నాళ్లు తీరని దిగులు వచ్చే జబ్బు. దానికిచ్చే లిథియం మాత్ర వేసుకుంటూ, డాక్టరు చెప్పినప్పుడల్లా రక్తపరీక్ష చేయించుకుంటూ ఏళ్ల తరబడి బాగానే నెట్టుకొచ్చాడు. ఆఫీసులో ఎవరో పిలిస్తే ఒక ధ్యాన బృందంలో చేరాడు. పేరు ఎందుకులెండి. ఆదివారాలు ఒక అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో కలిసేవాళ్లు, సగం మంది మన తెలుగువాళ్లే. మంచివాళ్లు, ఆ మాట ఒప్పుకోవాలి. మా వదినకు డెంగ్యూ వస్తే వంతులేసుకుని క్యారేజీలు తెచ్చిచ్చారు.

ఆ బృందం ధ్యాన శిబిరానికి ముందు ఒక ఫారం ఇచ్చారు. నేను చూశాను. షుగర్, బీపీ, థైరాయిడ్, ఆస్తమా వీటికి ఎదురుగా "మందులు వెంట తెచ్చుకోవలెను" అని ఉంది. మానసిక సమస్యలకు ఎదురుగా మాత్రం "మార్గదర్శితో విడిగా మాట్లాడవలెను". ఇక్కడ ఒకటి చెప్పాలి. కొన్ని ధ్యాన కేంద్రాలు ఇలాంటి జబ్బులున్నవాళ్లను చేర్చుకోవు, రోజంతా మౌనంగా కూర్చుంటే జబ్బు ముదురుతుందేమోనని. అది జాగ్రత్త, దాన్ని తప్పుపట్టను. ఇక్కడ జరిగింది అది కాదు. విడిగా కూర్చోబెట్టి ఒక అక్కయ్య చెప్పిన మాట, "ఆ మాత్రలు వేసుకున్నంతకాలం సాధన ఒంటబట్టదు నాన్నా." అదే బృందంలో మోకాలి ఆపరేషనైన పెద్దాయనకు ఆవిడే "డాక్టరు చెప్పినట్టు నడవండి బాబాయ్" అనేది.

అన్న మాత్ర మానేశాడు. కొన్నాళ్లు ఏమీ కాలేదు. తర్వాత నిద్ర పట్టడం మానేసింది. అర్ధరాత్రి రెండింటికి లేచి గ్రూపులో పేజీలకు పేజీలు రాసేవాడు, వాళ్లు దండం ఎమోజీలు పెట్టేవాళ్లు, "అనుభవం మొదలైంది" అంటూ. వదిన ఫోన్ చేసి, "మూడు ఫ్రిజ్‌లు ఆర్డర్ పెట్టాడయ్యా, ఒకటి గురువుగారికట" అంది.

ఇక్కడుంది కిటుకు. నిద్రలేని ఆ రాత్రులు డాక్టరుకు మేనియా (ఆ జబ్బులో హుషారు హద్దు దాటే దశ), బృందానికి సాధనా ఫలం. షుగర్ ఎంతుందో తేలితే ఏ గురువుకూ నష్టం లేదు. కానీ ఇది జబ్బని తేలితే, వాళ్లు అందరికీ చూపించుకుంటున్న సాధకుడు రోగి అయిపోతాడు. పైగా, ఫలానా పద్ధతి పాటిస్తే ఫలితం ఖాయమని చెప్పిన చోట ఫలితం రాకపోతే దేన్నో ఒకదాన్ని తప్పుపట్టాలి కదా, మాత్ర చేతికి అందుబాటులో ఉంటుంది. ఇంకోటి, వారం వారం మనసులోని మాటంతా ఆ మార్గదర్శికే చెప్పుకోవాలి. డాక్టరు గదిలో కూడా తలుపేసి అదే చెప్పుకుంటాం. ఆ డాక్టరు "మాత్ర ఎవరు మానమన్నారు? డబ్బేమైనా ఇచ్చారా?" అని అడుగుతాడు. బయటివాడు లోపలి సంగతులు వినడం ఎవరికి నచ్చుతుంది?

అన్నను హోసూర్ రోడ్డులోని మానసిక ఆసుపత్రి నిమ్హాన్స్‌కు తీసుకెళ్లాం. అక్కడ వరండాలో చూడాలి, హిందూపురం, మదనపల్లె, చిత్తూరు నుంచి వచ్చినవాళ్లు. చేతికి తాయెత్తు, నుదుట విభూతి, ఇంకో చేతిలో ఆసుపత్రి ఫైలు. ఒకామె మొక్కు తీర్చుకుని తిన్నగా ఇక్కడికే వచ్చానంది. గుడికీ గోలికీ తగాదా ఉందని వాళ్లెవరికీ తోచలేదు. నిమ్హాన్స్ పరిశోధకులే తమిళనాడులోని ఒక గుడిలో ఉండి వచ్చిన రోగులకు కొంత నయమైందని 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. పాత క్షేత్రాలను మరీ నెత్తికెత్తుకోను, 2001లో తమిళనాడులోని ఏర్వాడి దర్గా దగ్గర గొలుసులతో కట్టేసిన 28 మంది మంటల్లో పోయారు. కానీ పాత దేవుడికి కొత్తగా నిరూపించుకోవాల్సింది ఏమీ లేదు, కొత్త గురువుకు ఉంది.

అన్న ఆసుపత్రి లోపలికి వచ్చాడు కాబట్టి సరిపోయింది. 1995లో ఫ్లోరిడాలో ఒక సైంటాలజీ సభ్యురాలు మతి చలించి ఆసుపత్రికి చేరితే, తోటివాళ్లు వచ్చి తమ హోటల్‌కు తీసుకెళ్లి పెట్టుకున్నారు. కొన్ని వారాలకే చనిపోయింది. సంస్థ మీద పెట్టిన క్రిమినల్ కేసును 2000లో ప్రాసిక్యూషనే వెనక్కు తీసుకుంది.

నమ్మకమా వ్యాపారమా అన్నారు కదా. మా విషయంలో నమ్మకమే. ఆసుపత్రిలో కరెంటు షాకులిస్తారని ఆ అక్కయ్య వదినకు ఫోన్‌లో ఏడ్చింది. ఆవిడకు తెలిసింది మన సినిమాల్లోని షాకు. 2017 మానసిక ఆరోగ్య చట్టం మత్తు ఇవ్వకుండా షాకివ్వడాన్నే నిషేధించిందని చెప్తే నమ్మలేదు. నిజంగా నమ్మేవాళ్ల మాటే ఎక్కువ పనిచేస్తుంది, అందుకే ప్రమాదం కూడా ఎక్కువ.

మీ ఇంట్లో ఎవరైనా ఇలా మాత్ర మానేసి ఉంటే గురువును తిట్టడం మొదలుపెట్టకండి, ఇంకా దూరమవుతారు. నిద్ర ఎంత పడుతోందో చూడండి. మోతాదు తగ్గించుకోవాలంటే డాక్టరును అడిగే చేయాలి. టెలి-మానస్ అనే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14416కు ఏ వేళప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు.