ఫీజు సరే.. హాస్టల్ ఖర్చుకు దారేది?

ప్రశ్న: మాది నాగర్‌కర్నూల్ జిల్లా. మూడెకరాల వ్యవసాయం, ఏడాదికి లక్షన్నర లోపు ఆదాయం. మేం ఎస్సీలం. మా అమ్మాయికి ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో హైదరాబాద్ శివారు కాలేజీలో ఇంజినీరింగ్ సీటు వచ్చింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందంటున్నారు. ఉండటానికి, తిండికి అయ్యే ఖర్చుకు కూడా సాయం ఉంటుందా?
- ఒక తండ్రి

జవాబు: ఉంటుంది. కాకపోతే అది ఎంత, ఎవరి చేతికి వస్తుందన్నది మీ అమ్మాయి ఎక్కడ ఉంటుందన్న దాన్ని బట్టి మారుతుంది. కాబట్టి ముందు హాస్టల్ సంగతి తేల్చుకోండి, ఈ-పాస్ (రాష్ట్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ వెబ్‌సైట్) దరఖాస్తు ఆ తర్వాత నింపండి. చాలా ఇళ్లలో ఇది తలకిందులుగా జరుగుతుంది. నెట్ సెంటర్‌లో ఎవరో హడావుడిగా 'డేస్కాలర్' అని నొక్కేస్తారు. పిల్లేమో ఏడాదంతా హాస్టల్లో ఉంటుంది.

ఆ ఒక్క నొక్కుకు ఎంత నష్టమో చూడండి. పదో తరగతి తర్వాతి చదువులకు సాయమిచ్చే కేంద్ర ప్రభుత్వ ఎస్సీ పోస్ట్‌మెట్రిక్ పథకంలో ఇంజినీరింగ్ లాంటి వృత్తి విద్యా డిగ్రీలకు హాస్టల్లో ఉండేవారికి ఏడాదికి రూ.13,500, ఇంటి నుంచి వెళ్లొచ్చేవారికి రూ.7,000 భత్యంగా నిర్ణయించారు. తేడా ఏటా రూ.6,500, నాలుగేళ్లకు రూ.26,000. కాలేజీకి కట్టే ట్యూషన్ ఫీజు (ఆర్‌టీఎఫ్) లెక్క వేరు, ఉండటానికి, తిండికి ఇచ్చే ఈ మెయింటెనెన్స్ భత్యం (ఎంటీఎఫ్) లెక్క వేరు. మొదటిది కౌన్సెలింగ్‌లో వచ్చే కన్వీనర్ కోటా సీటుకే వర్తిస్తుంది, మీది అదే కాబట్టి దిగులు లేదు.

ఇక ఎక్కడ ఉంచాలి? నా సలహా, ముందు ప్రభుత్వ ఎస్సీ కాలేజీ బాలికల హాస్టల్లో సీటుకు ప్రయత్నించండి. అక్కడ ఎంటీఎఫ్ డబ్బు అమ్మాయి చేతికి రాదు, హాస్టల్ ఖర్చుకే పోతుంది. అయినా మీకే లాభం. ఇంటర్ నుంచి పీజీ దాకా చదివేవారికి తెలంగాణ ప్రభుత్వం 2024 చివర్లో మెస్ ఛార్జీలను నెలకు రూ.1,500 నుంచి రూ.2,100కు పెంచింది. పది నెలలకే రూ.21,000 విలువైన భోజనం, పైగా గది అద్దె లేదు. కాలేజీకి పది, పదిహేను కిలోమీటర్లు దూరమైనా వదులుకోకండి. మహాలక్ష్మి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో అమ్మాయి టికెట్‌కు డబ్బు కట్టనక్కర్లేదు, తెలంగాణ చిరునామా ఉన్న ఆధార్ దగ్గరుంటే చాలు. అయితే చేర్పించే ముందు వార్డెన్‌ను రెండు విషయాలు అడగండి: పొద్దున టిఫిన్ ఎన్నింటికి పెడతారు, సాయంత్రం ల్యాబ్ ముగిసి ఆలస్యమైతే లోపలికి రానిస్తారా? ఈ రెండూ కుదరకే చాలామంది పిల్లలు మధ్యలో ప్రైవేటు హాస్టల్‌కు మారిపోతారు.

అక్కడ సీటు రాకపోతే కాలేజీ సొంత హాస్టల్. అదీ దొరక్కపోతే, కనీసం ఐదుగురు విద్యార్థినులు కలిసి ఇల్లు అద్దెకు తీసుకుని ఒకే మెస్ నడుపుకుంటే దాన్నీ హాస్టల్‌గా పరిగణించే వెసులుబాటు ఎస్సీ పోస్ట్‌మెట్రిక్ పథకం నిబంధనల్లో ఉంది. దీనికి ప్రిన్సిపల్ చూసి ఆమోదించాలి, కాలేజీ హాస్టల్లో ఖాళీ లేదని ధ్రువపత్రం ఇవ్వాలి. ప్రైవేటు హాస్టల్లో విడిగా ఉంటే ఈ లెక్కలోకి రావడం కష్టం. నెలకు రూ.6,000 అనుకున్నా పది నెలలకు రూ.60,000 మీ జేబు నుంచే పోతుంది.

దరఖాస్తులో ఎక్కువగా ఇబ్బంది పెట్టేవి పేరు, బ్యాంకు ఖాతా. పదో తరగతి మెమోలో, ఆధార్‌లో పేరు, పుట్టిన తేదీ అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉండాలి. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, మరోచోట పూర్తిగా ఉంటే ఇప్పుడే ఆధార్‌లో సరిచేయించండి. ఖాతా అమ్మాయి పేరుమీదే ఉండాలి, మీది ఇవ్వకండి. బ్యాంకులో ఆధార్ జిరాక్స్ ఇచ్చినంత మాత్రాన సరిపోదు. ప్రభుత్వ నగదు బదిలీ ఈ ఖాతాలోనే పడేలా ఆధార్‌ను జతచేసే 'ఎన్‌పీసీఐ సీడింగ్' చేయమని ప్రత్యేకంగా అడగాలి. రెండు మూడు ఖాతాలుంటే చివరగా ఏ ఖాతాకు సీడింగ్ జరిగిందో డబ్బు దానికే వెళుతుంది. ఎప్పుడో తెరిచి మరిచిపోయిన ఖాతాలో స్కాలర్‌షిప్ పడి, రాలేదనుకుని తిరిగేవారు ఎందరో! ఏ బ్యాంకుకు లింకైందో ఆధార్ వెబ్‌సైట్‌లోనే చూసుకోవచ్చు.

ఆదాయ ధ్రువపత్రం మీసేవలో ఇప్పుడే పెట్టండి. ఆన్‌లైన్‌లో నింపాక పని అయిపోయిందనుకోవద్దు. ప్రింటు, జతపత్రాలు కాలేజీలో ఇచ్చి, వేలిముద్ర వేసి, కాలేజీ వాళ్లు పైకి పంపారో లేదో స్టేటస్‌లో చూడాలి. హాజరు 75 శాతం తగ్గకూడదు. రెన్యువల్ ఏటా చేయించాలి.

ఇంటర్ మార్కులు బాగున్నాయి కదా అని, డిగ్రీలో మొదటి మూడేళ్లు ఏటా రూ.12,000 ఇచ్చే కేంద్ర స్కాలర్‌షిప్‌కు కూడా పెడదామనుకోవచ్చు. రాష్ట్ర ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకునేవారికి అది కుదరదు. మీకు రీయింబర్స్‌మెంటే మేలు.

ఒక మాట కచ్చితంగా చెప్పాలి. ఎంటీఎఫ్ నెలనెలా వచ్చే జీతం లాంటిది కాదు, నెలల తరబడి ఆలస్యమవుతుంది. మొదటి ఏడాది ఖర్చు మీ దగ్గర విడిగా ఉండాలి. లేకుంటే ఐదు రూపాయల వడ్డీకి బయట తేకండి. బ్యాంకు విద్యారుణంలో హాస్టల్, భోజనం ఖర్చులు కూడా కలుస్తాయి. రూ.4 లక్షల వరకు మీ వాటా కట్టనక్కర్లేదు, రూ.7.5 లక్షల దాకా తాకట్టు అడగరు. చదువు అయ్యాక మరో ఏడాదికి వాయిదాలు మొదలవుతాయి. వడ్డీ మాత్రం తీసుకున్న రోజు నుంచే లెక్క. పీఎం విద్యాలక్ష్మి అనే కేంద్ర విద్యారుణ పథకం కింద ఇచ్చే 3 శాతం వడ్డీ రాయితీ, వేరే ప్రభుత్వ స్కాలర్‌షిప్ పొందేవారికి ఉండదు. కాబట్టి మొత్తం ఒకేసారి తీసుకోవద్దు, ఏ ఏడాదికి ఎంత కావాలో అంతే విడుదల చేయమనండి. ఎంటీఎఫ్ పడినప్పుడల్లా అందులోంచి కొంత ఆ రుణానికే కట్టండి.