విమర్శనాత్మక ఆలోచన నేర్చుకోవాలంటే మినిట్స్ రాయండి

ప్రశ్న: విమర్శనాత్మక ఆలోచన, వాదనల నిర్మాణం మొదటి నుంచి నేర్చుకోవాలని ఉంది. తర్కదోషాల జాబితా బట్టీ పడితే సరిపోతుందా? లేక ఏదైనా కోర్సులో చేరాలా?

జాబితాతో మాత్రం మొదలుపెట్టకండి. ఈ విషయంలో ఎవరేం చెప్పినా నేను వినను. తర్కదోషాల పేర్లు నోటికొచ్చినవాళ్లను చాలామందిని చూశాను. ఎదుటివాడు రెండో వాక్యం పూర్తిచేసే లోపే "ఇది వ్యక్తిగత దూషణ", "ఇది గడ్డిబొమ్మ వాదన" (అంటే మనిషి అనని మాట అంటగట్టి దాన్ని పడగొట్టడం) అని ఒక చీటీ అంటించేస్తారు. చీటీ అంటించాక ఇక వినక్కర్లేదు కదా! దానికి తోడు, వాదనలో దోషం దొరికింది కాబట్టి చెప్పిన విషయం కూడా అబద్ధమేనని తేల్చేస్తారు. చెత్త కారణాలు చెబుతూ నిజం పలికేవాళ్లు లోకంలో కోకొల్లలు. కారణం కూలితే కూలింది ఆ కారణమే. విషయం నిజమో కాదో మళ్లీ మొదటి నుంచి చూసుకోవాల్సిందే. ఈ చిన్న సంగతి జాబితా వీరులకు ఎవరూ చెప్పినట్టు లేరు.

నాకు ఈ విద్య కాస్తో కూస్తో అబ్బింది మీటింగుల్లో మినిట్స్, అంటే అక్కడ జరిగినదాని సారాంశం, రాయడం వల్ల. కొత్తగా ఉద్యోగంలో చేరినవాడికి ఎవరూ ముట్టుకోని పని అంటగడతారు కదా, నాకు అది దక్కింది. మా సూపర్‌వైజర్‌ది ఒకటే పట్టు. ఎవరెవరు ఏమేం మాట్లాడారో పొల్లుపోకుండా రాస్తే ఆయనకు నచ్చదు. ఒక్కో అంశానికి మూడు ముక్కలు కావాలి: ఏం నిర్ణయించారు, దానికి ఆధారం ఏమిటి, ఆ ఆధారం నుంచి ఆ నిర్ణయానికి ఎలా వచ్చారు. మొదటి రెండూ కళ్లు మూసుకుని రాసేయొచ్చు. మూడోది దగ్గరికొచ్చేసరికి చుక్కలు కనిపించేవి. గంటసేపు ధారాళంగా మాట్లాడిన మనిషి కూడా ఆ మూడోదాని గురించి ఒక్క ముక్క అని ఉండడు.

ఒకసారి కస్టమర్ సర్వీసు చూసే పెద్దాయన స్లైడ్లు తయారుచేసుకొచ్చారు. ఫిర్యాదుల గ్రాఫు నెలనెలా కిందికి జారుతోంది. "సిబ్బందికి శిక్షణ ఇచ్చాం. ఫిర్యాదులు సగానికి సగం పడిపోయాయి. సర్వీసు ఎంత బాగుపడిందో మీరే చూడండి. కాబట్టి శిక్షణకు బడ్జెట్ పెంచాలి" అన్నారు. బల్ల చుట్టూ అందరూ తలలూపారు. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. నేను సీటుకొచ్చి రాయడం మొదలుపెట్టాను. నిర్ణయం: శిక్షణ బడ్జెట్ పెంపు. ఆధారం: ఫిర్యాదులు తగ్గడం. ఇక మూడోది. నిజాయితీగా రాయాలంటే "ఫిర్యాదులు తగ్గాయంటే సర్వీసు బాగుపడినట్టే, ఇంకే కారణంతోనూ అవి తగ్గవు" అని రాయాలి. ఆ మాట మీటింగులో ఎవరూ అనలేదు. అనని మాట రాస్తే ఒక తంటా, రాయకపోతే సూపర్‌వైజర్ కాగితం తిప్పి పంపుతారు.

తేల్చుకుందామని ఫిర్యాదులు తీసుకునే సెక్షన్‌కి వెళ్లాను. అక్కడ ఏళ్ల తరబడి కూర్చుంటున్న మేడమ్‌ని "ఫిర్యాదులు బాగా తగ్గాయట కదండీ" అని అడిగితే ఆవిడ తలెత్తకుండానే "తగ్గవా మరి బాబూ, ఫోన్ నంబరు పీకేశారుగా" అన్నారు. శిక్షణ మొదలైన నెలలోనే ఫోన్ లైను మూసేసి, దాని బదులు వెబ్‌సైట్‌లో ఒక ఫారం పెట్టారట. ఆ ఫారం నేనే తెరిచి నింపి చూశాను. పేరు, చిరునామా అయ్యాక కస్టమర్ నంబరు అడిగింది. అది బిల్లు వెనకవైపు చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. ఫిర్యాదు ఏ రకమో ఎంచుకోమంటూ ఒక జాబితా ఇచ్చింది, అందులో "ఇతరములు" లేదు. ఫొటో జతచేస్తే సైజు ఎక్కువైందంది. సరే అని వెనక్కి వెళితే అప్పటిదాకా నింపినదంతా తుడిచిపెట్టేసింది. మళ్లీ నింపాను. "సమర్పించండి" అనే బటన్ చివరిదాకా బూడిద రంగులోనే ఉండిపోయింది. ఏ గడి ఖాళీగా మిగిలిందో ఎక్కడా చెప్పదు. ఎంత కోపంతో వచ్చిన మనిషైనా అక్కడికి వచ్చేసరికి దండం పెట్టి వెళ్లిపోతాడు.

(ఇలాంటి ఫారాలు తయారుచేసేవాళ్లు వాటిని ఒక్కసారైనా స్వయంగా నింపి చూస్తారా అనేది నాకు ఈనాటికీ అనుమానమే. అది వేరే గొడవ.)

తర్వాతి మీటింగులో పాత మినిట్స్ చదివి వినిపించాల్సింది కూడా నేనే. ఆ అంశం దగ్గర ఆగి, "సార్, ఇక్కడ ఒక లైను మిగిలిపోయింది, రాసుకోమంటారా?" అని పైన చెప్పిన వాక్యం చదివాను. స్లైడ్లు చూపించిన పెద్దాయన వెంటనే "అలా అని నేనెక్కడన్నానయ్యా?" అన్నారు. "అనలేదు సార్. మరి ఫిర్యాదులు తగ్గడానికీ సర్వీసు బాగుపడటానికీ మధ్య ఏమని రాయమంటారు?" అన్నాను. ఆయన ఏదో మొదలుపెట్టి మధ్యలో ఆపేశారు. అప్పుడు అకౌంట్స్ ఆయన కల్పించుకుని, "సర్వీసు నిజంగానే బాగుపడి ఉంటే మనల్ని వదిలి వెళ్లిపోయే కస్టమర్లు కూడా తగ్గాలి కదా, ఆ లెక్క నా దగ్గరుంది" అన్నారు. తీసి చూస్తే అది ఉన్నచోటే ఉంది, వీసమెత్తు కదల్లేదు. ఆయన తర్కశాస్త్రం చదువుకున్న మనిషేం కాదు. కానీ "నువ్వు చెప్పింది నిజమైతే దాంతోపాటు ఇంకేం కనిపించాలి?" అనే ప్రశ్న వేయడం ఆయనకు తెలుసు. నన్నడిగితే దానికి మించిన పరీక్ష లేదు.

బడ్జెట్ పెరిగింది లెండి. పైవాళ్లు అప్పటికే ఒప్పేసుకున్నారు. పైగా శిక్షణ దండగ అని ఆ రోజు తేలలేదు కూడా. అది మంచిదే అయి ఉండొచ్చు. ఆ గ్రాఫు మాత్రం దానికి సాక్ష్యం కాదు, అంతవరకే.

ఆ మూడో ముక్కను ఎగ్గొట్టనివ్వని పద్ధతి మన న్యాయశాస్త్రంలో (కోర్టుల న్యాయం కాదు, మన పాత తర్కశాస్త్రం) ఎప్పటి నుంచో ఉంది. గౌతమ మహర్షి న్యాయసూత్రాల్లో వాదనకు ఐదు అవయవాలు: ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం. అందరికీ తెలిసిన కొండ, పొగ ఉదాహరణే తీసుకోండి. కొండ మీద నిప్పుంది. ఎందుకంటే పొగ కనిపిస్తోంది. పొగ ఉన్నచోటల్లా నిప్పుంటుంది, వంటింట్లో మాదిరిగా. ఈ కొండ మీదా అలాంటి పొగే ఉంది. కాబట్టి నిప్పుంది. ఇందులో అసలు బరువు మోసేది మూడోది. నియమం ఏమిటో నోరు తెరిచి చెప్పాలి, అది నిజమైన సందర్భం ఒకటి చూపించాలి. మా స్లైడ్లలో లేనిది సరిగ్గా అదే.

నైయాయికులు, అంటే ఆ న్యాయశాస్త్ర పండితులు, అక్కడితో వదల్లేదు. నియమాన్ని తిరగేసి చూశారు. నిప్పున్నచోటల్లా పొగ ఉంటుందా? ఉండదు. ఎర్రగా కాల్చిన ఇనుపగుండులో నిప్పుంది, పొగ లేదు. నిప్పుకి తడి కట్టె తోడైతేనే పొగ వస్తుంది. లోపల దాక్కున్న ఇలాంటి షరతుని ఉపాధి అన్నారు. మా మీటింగు కథ కూడా ఇదే కదా. సర్వీసు బాగుపడితే ఫిర్యాదులు తగ్గుతాయి, ఒప్పుకుందాం. ఫిర్యాదులు తగ్గితే సర్వీసు బాగుపడినట్టా? ఫిర్యాదు చేసే దారి ముందులాగే తెరిచి ఉంటేనే ఆ మాట అనొచ్చు. ఆ దారి మూసేసి గ్రాఫు గీశారు.

బ్రిటిష్ తత్వవేత్త స్టీఫెన్ టూల్మిన్ 1958లో వాదనను ఆరు భాగాలుగా విడదీసి చూపించాడు. తేల్చిన మాట, దానికి ఆధారం, ఆ రెండింటినీ కలిపే సూత్రం, ఆ సూత్రానికి దన్ను, "బహుశా", "సాధారణంగా" లాంటి పరిమితి, చివరగా మినహాయింపు. మొదట్లోనే ఆరూ పట్టించుకోనక్కర్లేదు. ఆధారాన్ని మాటతో కలిపే సూత్రం ఒక్కటి పట్టుకుంటే సగం పని అయినట్టే. తక్కిన వాటిలో ఆ పరిమితి మాటల మీద కూడా ఓ కన్నేయండి. "సాధారణంగా" అని మొదలుపెట్టి, చివరికొచ్చేసరికి "ఎప్పుడూ" చేసేసే ఘనులు మీకు రోజూ తగులుతారు.

ఇక కోర్సులు, పుస్తకాల సంగతి. అక్కడ ఎక్కువగా అక్షరాలతో, గుర్తులతో అభ్యాసాలు ఇస్తారు. "ప అయితే ఫ, ఫ ఉంది, కాబట్టి ప ఉందా?" ఇవి చేసినంతసేపూ బాగానే వచ్చినట్టు ఉంటుంది, తెల్లారితే గుర్తుండవు. దీనికి నా దగ్గర మంచి ఉదాహరణ ఉంది. పీటర్ వేసన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1966లో ఒక పరీక్ష ప్రచురించాడు. దాన్ని తెలుగు అక్షరాలతో చెబుతాను. బల్ల మీద నాలుగు కార్డులు: అ, క, 4, 7. ప్రతి కార్డుకీ ఒకవైపు అక్షరం, రెండోవైపు అంకె ఉంటాయి. "ఒకవైపు అచ్చు ఉంటే రెండోవైపు సరిసంఖ్య ఉంటుంది" అనేది నియమం. అది నిజమో కాదో తేల్చడానికి ఏయే కార్డులు తిప్పి చూడాలి?

ఎక్కువమంది అ, 4 అంటారు. సరైన జవాబు అ, 7. 4 వెనక ఏమున్నా నియమానికి వచ్చిన నష్టం లేదు. హల్లు వెనక సరిసంఖ్య ఉండకూడదని ఎవరూ అనలేదు. 7 వెనక అచ్చు కనిపిస్తే మాత్రం నియమం అక్కడికక్కడే చచ్చింది. బాగా చదువుకున్నవాళ్లలో కూడా దీన్ని సరిగ్గా చెప్పేవాళ్లు కొద్దిమందే. అసలు తమాషా ఏమిటంటే, 1982లో గ్రిగ్స్, కాక్స్ అనే ఇద్దరు ఇదే లెక్కను వేషం మార్చి ఇచ్చారు. "బీరు తాగేవాళ్లకు 19 ఏళ్లు దాటి ఉండాలి" అనేది నియమం. ఒక కార్డు బీరు, ఒకటి కోక్, ఒకటి 22 ఏళ్లు, ఒకటి 16 ఏళ్లు. ఎవరిని తనిఖీ చేయాలి? బీరు తాగేవాణ్ని, 16 ఏళ్లవాణ్ని అని ఎక్కువమంది సరిగ్గా చెప్పేశారు. లెక్క మారలేదు, అదే బుర్ర. మీకు అలవాటైన విషయంలో మీ తర్కం ఇప్పటికే బాగా నడుస్తోంది. అందుకే అభ్యాసం మీ వృత్తిలోనో, మీకు పిచ్చి ఇష్టం ఉన్న ఆటలోనో మొదలుపెట్టమంటాను. దీనికి పరిశోధనలు ఒప్పుకుంటాయో లేదో నేను వెతకలేదు, వెతికే ఉద్దేశం కూడా లేదు. నా కళ్ల ముందు బాగుపడినవాళ్లంతా అలా బాగుపడినవాళ్లే.

టీవీ చర్చలు చూసి నేర్చుకుందామనుకుంటే మాత్రం ఆ ఆశ వదులుకోండి. న్యాయశాస్త్రం చర్చల్ని మూడు రకాలు చేసింది. నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం, గెలవడానికి చేసేది జల్పం, తన పక్షం అంటూ ఏదీ నిలబెట్టకుండా అవతలివాడి మాట పడగొట్టడానికే చేసేది వితండం. టీవీలో మొదటి రకం కనిపిస్తే నాకూ చెప్పండి. స్కూలు వక్తృత్వ పోటీలు కొంత నయం. మనకు నచ్చని పక్షాన నిలబడి మాట్లాడాల్సి వస్తుంది, అది మంచి వ్యాయామం. కానీ అక్కడా మార్కులు గొంతుకీ చేతులూపడానికీ పడతాయి. కారణం సరిగ్గా చెప్పిన పిల్ల మూడో బహుమతితో ఇంటికెళుతుంది.

మీరు చేయాల్సింది ఇంతే. మీకు ఒళ్లు మండించే అభిప్రాయం ఒకటి ఎంచుకోండి. దాన్ని పైన చెప్పిన మూడు ముక్కల్లో రాయండి. రాసింది ఆ అభిప్రాయం ఉన్న మనిషికే చూపించండి. "అవును, నేనన్నది ఇదే" అని అతను అనేదాకా దిద్దండి. మన శాస్త్రగ్రంథాల్లో ముందు పూర్వపక్షం, అంటే ఎదుటివాడి వాదన, చెప్పి, ఆ తర్వాతే సిద్ధాంతానికి, అంటే తమ మాటకి, వస్తారు, గమనించారా? ఆ వరస వెనక పెద్ద క్రమశిక్షణ ఉంది. మొదట్లో అతను "ఛ, నేనలా అనలేదు" అంటాడు. మూడో ముక్కలో మీరు అతని నోట్లో కుక్కింది బయటపడేది అక్కడే. మనిషి అందుబాటులో లేకపోతే, అతను ఒప్పుకోగలిగిన వాటిలో బలమైనదాన్ని మీరే రాసి, దాని మీద ప్రశ్నలు వేయండి. మధ్య లంకె గట్టిగా ఉందా అన్నదొక ప్రశ్న, ఆధారం నిజమేనా అన్నది ఇంకో ప్రశ్న. ఈ రెంటినీ కలిపేయకండి. "పక్షులన్నీ ఎగురుతాయి, నిప్పుకోడి పక్షి, కాబట్టి నిప్పుకోడి ఎగురుతుంది" అనే దాంట్లో లంకెకి వంక పెట్టలేం, మొదటి మాటే తప్పు. మా పెద్దాయన గ్రాఫులో అంకెలన్నీ నిజమే, లంకె లేదు.

కోర్సు గురించి అడిగారు కాబట్టి: డబ్బు కట్టే ముందు ఒక్క విషయం కనుక్కోండి. మీరు రాసినదాన్ని చదివి, ఫలానా వాక్యం నుంచి ఫలానా వాక్యానికి ఎలా వచ్చావని అడిగే మనిషి అక్కడ ఉన్నారా? ఉంటే చేరండి, ఎంత చిన్న కోర్సైనా ఫరవాలేదు. వీడియోలు చూపించి, చివర్లో నాలుగు ఆప్షన్ల పరీక్ష పెట్టి సర్టిఫికెట్ పంపేదైతే ఆ డబ్బు ఉంచుకోండి. దోషాల జాబితా అప్పుడు చూడొచ్చు, ఆర్నెల్ల తర్వాత. అందులో సగం మీకు అప్పటికే ముఖపరిచయం ఉన్నవే అయి ఉంటాయి.