ఇద్దత్ అయిపోతే భరణం అయిపోదు: విశాఖలో కేసు వేసే ముందు తెలుసుకోవాల్సినవి

మీరు అడిగింది ఇది. విడాకులయ్యాక భర్త నుంచి భరణం కోసం కోర్టుకెక్కిన ముస్లిం మహిళ షా బానో కేసు ఆధారంగా వచ్చిన హిందీ కోర్టు సినిమా ఇంటిల్లిపాదీ చూశారు. మీ అక్కకు తలాక్ అయి రెండేళ్లయింది. బావ మెహర్ (పెళ్లప్పుడు భార్యకు ఇస్తానని ఒప్పుకున్న సొమ్ము), ఇద్దత్ (విడాకుల తర్వాత ఆమె మళ్లీ పెళ్లి చేసుకోకుండా ఆగాల్సిన గడువు) రోజుల ఖర్చు ఇచ్చేసి ఊరుకున్నాడు. అక్క పాపతో గాజువాకలో పుట్టింట్లో ఉంది. విడాకులైన ముస్లిం మహిళల హక్కులపై 1986 చట్టం వచ్చాక, ఇద్దత్ దాటితే ఇక అడగడానికేమీ లేదని ఇంట్లో పెద్దలంటున్నారు, నిజమేనా అని.

నిజం కాదు. పెద్దలకు తెలిసిన కథ 1986లోనే ఆగిపోయింది. 1985 ఏప్రిల్ 23న సుప్రీంకోర్టు షా బానో వైపు తీర్పిచ్చింది, మరుసటి ఏడాది పార్లమెంటు కొత్త చట్టం చేసింది. అక్కడిదాకా వాళ్లు చెప్పేది సరే. కానీ 2001లో డేనియల్ లతీఫీ కేసులో రాజ్యాంగ ధర్మాసనం ఆ చట్టాన్ని కొట్టేయకుండానే దాని అర్థం తేల్చింది: భర్త ఏర్పాటు చేయాల్సింది ఇద్దత్ లోపల, ఆ ఏర్పాటు మాత్రం ఇద్దత్ తర్వాతి బతుక్కి కూడా సరిపోవాలి. 2024 జులై 10న, తెలంగాణ నుంచి వెళ్లిన కేసులోనే, భార్యాపిల్లల భరణం గురించి చెప్పే పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) సెక్షన్ 125 ముస్లిం మహిళలకూ వర్తిస్తుందని ఇద్దరు న్యాయమూర్తులూ స్పష్టం చేశారు. 1986 చట్టం కింద అడగాలా, 125 కింద అడగాలా, రెండూనా అన్నది ఆమె ఇష్టం. 2024 జులై 1 నుంచి ఆ 125 స్థానంలో కొత్త కోడ్ బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) సెక్షన్ 144 ఉంది. ఆమె మళ్లీ పెళ్లి చేసుకోనంతవరకూ, తనను తాను పోషించుకోలేని స్థితిలో ఉన్నంతవరకూ అడగవచ్చు.

"మెహర్ ఇచ్చేశాగా" అన్న మాటకూ జవాబు 1985 తీర్పులోనే ఉంది. మెహర్ పెళ్లికి సంబంధించిన బాధ్యత, విడాకులిచ్చినందుకు ఇచ్చే సొమ్ము కాదు. భరణం అడిగితే దీన్‌కు ఎదురెళ్లినట్టని బాధపడే పెద్దలుంటే, ఆ తీర్పు ఖురాన్‌లోని 2:241, 242 ఆయతులను ఆధారంగా తీసుకుందని నెమ్మదిగా చెప్పండి.

మత ప్రశ్న తేలిపోయింది. ఇప్పుడు కేసు నిలిచేదీ నీరుగారేదీ ఆదాయం కాగితాల దగ్గర. షా బానో నెలకు అడిగింది 500. మేజిస్ట్రేటు ఇచ్చింది 25, హైకోర్టు పెంచింది 179 రూపాయల 20 పైసలకు. సుప్రీంకోర్టు నిలబెట్టింది కూడా అంతే. అంత పెద్ద చరిత్రలో ఆవిడ చేతికొచ్చిన అంకె అది. మీ అక్క విషయంలో కష్టపడాల్సింది ఆ అంకె మీదే.

బావ ఏ ఊళ్లో ఉన్నా, అక్క ఉంటున్న చోటే పిటిషన్ వేయవచ్చు. ముందుగా జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు. ఏ కోర్టు పరిధిలోకి వస్తుందో కూడా అక్కడే తేలిపోతుంది. నికానామా (పెళ్లి పత్రం), తలాక్ కాగితం, ఆధార్, పాప జనన ధ్రువీకరణ పత్రం, స్కూలు ఫీజు రసీదులు, ఇంటద్దె, మందుల బిల్లులు పట్టుకెళ్లండి. పాప భరణం విడిగా రాయించండి; 1986 చట్టం పిల్లల హక్కును తగ్గించలేదని 1997లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

పిటిషన్‌తోపాటే మధ్యంతర భరణం (కేసు తేలేలోపు ఇచ్చే భరణం) దరఖాస్తు పెట్టాలి. నోటీసు అందిన 60 రోజుల్లో వీలైనంతవరకూ దాన్ని తేల్చాలని చట్టం. 2020లో రజనీష్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం ఇద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయం, ఖర్చులతో అఫిడవిట్ ఇవ్వాలి. అక్క ట్యూషన్లు చెప్పినా, మిషను కుట్టినా అందులో రాసి తీరాలి. చిన్న సంపాదన ఉన్నంత మాత్రాన భరణం పోదు, దాస్తే మాత్రం నమ్మకం పోతుంది.

బావ స్టీల్ ప్లాంటులోనో పోర్టులోనో పనిచేస్తుంటే జీతం వివరాలు కోర్టు ద్వారా తెప్పించమని అడగవచ్చు. పూర్ణా మార్కెట్‌లో కొట్టో, సొంత బండో అయితేనే చిక్కు: "నెలకు పదివేలు కూడా రావు" అంటాడు. అప్పుడు పనికొచ్చేవి దుకాణం లైసెన్సు, వాహనం రిజిస్ట్రేషన్, లోన్ ఈఎంఐలు, గతంలో అక్క ఖాతాలో అతను వేసిన డబ్బు. మూడేళ్ల బ్యాంకు స్టేట్‌మెంట్లు అఫిడవిట్‌కు జతచేయాల్సింది అతనే. చేయకపోతే ఆ మాట మీ లాయరు గట్టిగా ఎత్తిచూపాలి.

ఆలస్యం వద్దు. భరణం లెక్క దరఖాస్తు వేసిన తేదీ నుంచి మొదలవుతుంది, తలాక్ తేదీ నుంచి కాదు. గడిచిన రెండేళ్లకు 144 కింద ఏమీ రాదు. అందుకే 1986 చట్టం సెక్షన్ 3 కింద ఒకేసారి ఇచ్చే ఏర్పాటు కూడా అడగాలా అని లాయర్ని అడగండి.

ఆర్డరు వచ్చాక చాలామంది తప్పేది ఇంకోచోట. అతను కట్టడం మానేస్తే, బాకీ పడిన ఏడాది లోపల వసూలు పిటిషన్ వేయాలి. "ఇస్తాలే" అంటే ఆగిపోయి ఏడాది దాటాక వెళితే, పాత నెలల బాకీకి 144 కింద వారెంటు రాదు. సకాలంలో వేస్తే ఎగ్గొట్టిన ఒక్కో నెలకూ నెల వరకూ జైలు వేయవచ్చు. జైలుకెళ్లొచ్చినా బాకీ తీరినట్టు కాదు, ఆ డబ్బు కట్టాల్సిందే.