ఫ్లూ తగ్గినా దగ్గు వదలడం లేదు.. ఇమ్యూనిటీ తక్కువా?

ప్రశ్న: నా వయసు 41. పదిహేను రోజుల క్రితం ఫ్లూ వచ్చింది. 103 జ్వరం, కాళ్లు విరగ్గొట్టినట్టు ఒళ్లు నొప్పులు. ఐదు రోజులకు జ్వరం పోయింది కానీ దగ్గు పోవడం లేదు. ఇమ్యూనిటీ తక్కువై ఇలా అయిందని, పొడులూ మాత్రలూ వాడమని అంటున్నారు. వాడమంటారా? - ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: వద్దు. ఆ ఒళ్లు నొప్పులే మీ ఇమ్యూనిటీ గట్టిగా పనిచేసిందనడానికి గుర్తు. ఫ్లూ వైరస్ ఉండేది ముక్కు, గొంతు, ఊపిరితిత్తుల్లో. సాధారణంగా కాళ్లలోకి దిగదు. మరి కాళ్లెందుకు లాగాయి? వైరస్ సోకిన కణం దాని ఆనవాలు పట్టగానే ఇంటర్‌ఫెరాన్ అనే ప్రొటీన్‌ను వదులుతుంది. అది పక్క కణాలను ముందే అప్రమత్తం చేస్తుంది. దానితోపాటు విడుదలయ్యే మరికొన్ని రసాయనాలు రక్తంలో కలిస్తే జ్వరం, నొప్పులు మొదలవుతాయి. ఒకప్పుడు హెపటైటిస్ రోగులకు ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు ఇచ్చేవాళ్లం. సూది పడిన రాత్రి చాలామంది దుప్పటి కప్పుకుని వణికేవాళ్లు, అచ్చం ఫ్లూ వచ్చినట్టే! అసలు ఇంటర్‌ఫెరాన్ బయటపడిందే ఫ్లూ వైరస్‌తో. 1957లో లండన్‌లో ఐజాక్స్, లిండెన్‌మన్ అనే శాస్త్రవేత్తలు వేడితో నిర్వీర్యం చేసిన ఫ్లూ వైరస్‌ను కోడిగుడ్డు లోపలి పొరల మీద వేసి చూస్తుండగా ఇది దొరికింది.

ఊపిరితిత్తుల చివర ఉండే గాలిగదుల్లో మాక్రోఫేజ్‌లనే కాపలా కణాలు వైరస్‌ను, చచ్చిన కణాలను మింగేస్తాయి. తర్వాత రక్తంలోంచి న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు వస్తాయి. ఇవి మరీ ఎక్కువైతే గాలిగదుల్లో వాపు వచ్చి, నీరు చేరి ఊపిరే అందదు. అందుకే 'ఇమ్యూనిటీ ఎంత పెరిగితే అంత మంచిది' అనే మాట నాకు నచ్చదు.

ఇక దగ్గు సంగతి. శ్వాసనాళాల లోపలి గోడకు కంటికి కనిపించని నూగు ఉంటుంది. సెకనుకు సుమారు 10 సార్లు ఊగుతూ, దుమ్ము అంటుకున్న కఫాన్ని గొంతువైపు నెడుతుంది. ఫ్లూ ఈ నూగు కణాలనే చంపుతుంది. చీపురు పోయింది కాబట్టి ఆ పని దగ్గు చేస్తోంది. నూగు మళ్లీ మొలవడానికి కొన్ని వారాలు పడుతుంది. సిగరెట్ అలవాటుంటే ఇంకా ఆలస్యం. గోరువెచ్చని నీళ్లు తాగండి. దగ్గుకని యాంటీబయాటిక్ కొనుక్కోకండి.

ఒక్క విషయంలో మాత్రం అశ్రద్ధ చేయొద్దు. పోయిన జ్వరం తిరిగొచ్చినా, కఫం పచ్చగానో తుప్పు రంగులోనో పడినా, ఆయాసం వచ్చినా, ఛాతీలో పొడిచినట్టున్నా అదే రోజు డాక్టర్‌కు చూపించుకోండి. నూగు లేని గోడ మీద బ్యాక్టీరియా సులువుగా దిగి న్యుమోనియా తెస్తుంది. 1918 ఫ్లూలో ఎక్కువ ప్రాణాలు తీసింది ఇదే.

ఇవేమీ లేకపోయినా మీ దగ్గు రెండు వారాలు దాటింది కాబట్టి ఒకసారి కఫం పరీక్ష చేయించుకోండి. టెన్షన్ పడకండి, మన దేశంలో ఇన్ని రోజుల దగ్గుకు టీబీ లేదని తేల్చుకోవడం మామూలే. ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా చేస్తారు.