వ్యాన్‌లో వంటిల్లు: ట్యాంకు కావాలా, చిన్న సిలిండర్ చాలా?

ప్రశ్న: రెండేళ్ల కిందట రిటైరయ్యాను. బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ట్రావెలర్ వ్యాన్‌లో మంచం, సింకు, పొయ్యి గట్టు కట్టించుకుంటున్నాం. మొన్న ఇంగ్లండ్ వెళ్లినప్పుడు మా అల్లుడి మోటర్‌హోమ్ చూశాను. డీజిల్ మూత లాంటిదే బండి పక్కన ఇంకో మూత ఉంది. బంకులో దానికి గన్ను తగిలిస్తే లోపలున్న రెండు సిలిండర్లూ నిండిపోతున్నాయి. మోసేది లేదు, మార్చేది లేదు. ఆ సెట్టు ఒకటి ఇక్కడికి తెప్పిస్తానంటున్నాడు. మన ఆటోలకు గ్యాస్ పట్టే బంకులు ఎలాగూ ఉన్నాయి కదా, మీరు బిగించి ఇస్తారా?
– ఒక పాఠకుడు, మారతహళ్లి

జవాబు: బిగించడం చేతకాక కాదు గానీ, బిగించనండీ. ముందే చెప్పేస్తే మీ అల్లుడికి సిలిండర్లు మోసుకొచ్చే తిప్పలు తప్పుతాయి.

మన దగ్గర బంకులో పట్టే ఆటో ఎల్పీజీ ఇంజన్‌కు మాత్రమే. 2001లో వచ్చిన ఉత్తర్వు దాని కోసమే వచ్చింది. ట్యాంకు ఆమోదం పొందినదై ఉండాలి, కిట్టు సంగతి ఆర్సీలో ఎక్కాలి. వంటకు పెట్టుకున్న సిలిండర్‌కు ఆ గన్ను తగిలించమంటే బంకు కుర్రాడు ఒప్పుకోకూడదు. ఒప్పుకున్నాడంటే ఆ బంకు నుంచి ముందు మీరు బయటపడండి. ఇక విదేశీ సిలిండర్ సంగతి. 2016 గ్యాస్ సిలిండర్ల నిబంధనల ప్రకారం పెసో అనుమతి లేనిది ఇక్కడ నింపకూడదు, వాడకూడదు. పెసో అంటే పేలుడు పదార్థాల వ్యవహారం చూసే కేంద్ర సంస్థ. అంటే అంత ఖర్చుపెట్టి తెప్పించినా, అది మీ వ్యాన్‌లో ఉత్త బరువే.

కొందరు ఇంకో తెలివి చూపిస్తారు. "బండికి ఎలాగూ ఎల్పీజీ ట్యాంకు ఉంది, దాని నుంచే పొయ్యికి ఒక లైను లాగండి" అని. ఇది మరీ ప్రమాదం. కారు ట్యాంకులో గొట్టం అడుగు దాకా ఉంటుంది. అది లాగేది గ్యాస్‌ను కాదు, ద్రవాన్ని. ఇంజన్ దగ్గర వేడినీళ్లు తిరిగే ఒక డబ్బాలో ఆ ద్రవం ఆవిరవుతుంది. అదే లైను పొయ్యికి ఇస్తే బర్నర్‌లోంచి ద్రవం వస్తుంది. ఒక లీటరు ద్రవం సుమారు రెండు వందల యాభై లీటర్ల గ్యాస్ అవుతుంది. వ్యాన్ లోపల అది వెలిగితే ఏమవుతుందో నేను రాయక్కర్లేదు. మీ అల్లుడి బండిలో ఉన్నది వేరే రకం. పైనుంచి ఆవిరి తీసే ఏర్పాటుతో, వంట కోసమే చేసినది.

ఆ సెట్టులో నాకు బాగా నచ్చేది లోపలి తేలే బెండు. మన మిద్దె మీద ట్యాంకులో బాల్ వాల్వు చూశారుగా, అదే పని. సిలిండర్ ఎనభై శాతం నిండగానే లేచి దారి మూసేస్తుంది. మిగతా ఇరవై శాతం ద్రవం ఉబ్బడానికి చోటు. మన ఇంటి సిలిండర్‌కూ లెక్క అదే. 14.2 కిలోల ఎర్ర సిలిండర్‌లో 33.3 లీటర్ల నీళ్లు పడతాయి. 14.2 కిలోల గ్యాస్ ద్రవంగా ఉంటే సుమారు 26 లీటర్లు. భాగించి చూసుకోండి. మనకు బెండు లేదు, ప్లాంటులో తూకం వేసి నింపుతారు, అంతే తేడా.

ఈ ఇరవై శాతం విలువ నాకు బాగా తెలుసు. తొంభైల్లో నేను మదనపల్లె నుంచి వచ్చి జేసీ రోడ్డు వెనక ఒక షెడ్డులో పనికి చేరాను. అప్పట్లో చిన్న సిలిండర్ నింపడమంటే పెద్దదాన్ని స్టూలు మీద తలకిందులుగా పెట్టి పైపు కలపడమే. తూకం లేదు. "చల్లగా తగిలిందాకా నింపు" అనేవాళ్లు. ఒకరోజు నేనే నింపాను. పైపు బుసకొడుతోంది, వాల్వు మీద తెల్లగా మంచు పేరుకుంటోంది. చూస్తూ చూస్తూ కాస్త ఎక్కువే పోనిచ్చాను. పైపు విప్పేటప్పుడు రెండు వేళ్ల మీద ద్రవం చిమ్మింది. వేళ్లు తెల్లబడి మొద్దుబారాయి, సాయంత్రానికి బొబ్బలు. అసలు కథ అది కాదు. ఆ సిలిండర్‌ను షెడ్డు బయట గోడవార పెట్టాను. ఎండ తిరిగి దాని మీద పడింది. ఒంటిగంటకు నాబ్ దగ్గర సన్నగా ఈల మొదలైంది. లోపల ఉబ్బడానికి చోటు లేక రబ్బరు దగ్గర తోసుకొస్తోంది. పక్క షెడ్డు వెల్డింగ్ మేస్త్రీ భోజనానికి వెళ్లాడు కాబట్టి ఈరోజు ఈ జవాబు రాస్తున్నాను. బెంగళూరులో సందుకొకటిగా ఇప్పటికీ అలా నింపే చోట్లున్నాయి. అది నేరం కూడా. దయచేసి ఆ గుమ్మం ఎక్కకండి.

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. అక్కడివాళ్లకు ఆ ట్యాంకు ఎందుకు? చలి. వాళ్ల మోటర్‌హోమ్‌లో హీటరు, స్నానానికి వేడినీళ్లు, చాలావాటిలో ఫ్రిజ్ కూడా గ్యాస్ మీదే. మార్పిడి సిలిండర్ ఖరీదెక్కువ, బంకు గ్యాస్ చవక. పైగా బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరి కావడం మానేస్తుంది, అందుకని చలికాలంలో ప్రొపేనే కావాలి. యూరప్ తిరిగేవాళ్లయితే బంకు గన్నుకు దేశానికొక రకం మూతి ఉంటుంది కాబట్టి అడాప్టర్లు కూడా వెంట పెట్టుకుంటారు. మీకు కావలసింది పొద్దున కాఫీ, ఉప్మా, రాత్రికి కుక్కర్లో అన్నం, చారు. ఒక బర్నర్ రోజుకు రెండు గంటలు వెలిగినా పావు కిలో గ్యాస్. అయిదు కిలోల సిలిండర్ ఇరవై రోజులు వస్తుంది. నెలకు రెండు వారాంతాలు తిరిగేవాళ్లకు నాలుగు నెలలు దాటుతుంది.

కాబట్టి అయిదు కిలోల ఫ్రీ ట్రేడ్ సిలిండర్ (గ్యాస్ కనెక్షన్ లేకుండానే అమ్మేది) తీసుకోండి. ఇండియన్ ఆయిల్ వాళ్లది 'ఛోటు' పేరుతో దొరుకుతుంది. అడ్రసు రుజువు అడగరు, గుర్తింపు కార్డు చాలు. ఖాళీది ఇచ్చి నిండుది తెచ్చుకోవడమే. ఇంట్లో ఎర్ర సిలిండర్‌ను మాత్రం వ్యాన్‌లోకి ఎక్కించకండి. అది ఇంటి వంటకు ఇచ్చినది.

మిగిలిన డబ్బు, శ్రద్ధ సిలిండర్‌ను ఉంచే అర (చిన్న పెట్టె లాంటి గది) కట్టించడం మీద పెట్టండి. ఈ పని నేను చేసిస్తాను. దానికి తలుపు బండి బయటి వైపే ఉండాలి. లోపలి గదికి చీమ దూరే సందు కూడా ఉండకూడదు. అడుగున అరచేతిలో సగమంత రంధ్రం, కింద రోడ్డు కనిపించేలా. గ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే నీళ్లలాగా కిందికి జారుతుంది, దాన్ని బయటికి పోనివ్వాలి. ఆ రంధ్రం సైలెన్సర్ పక్కన రాకూడదు. సిలిండర్ నిలువుగా, రెండు బెల్టులతో. రెగ్యులేటర్ నుంచి మూరెడు సురక్షా పైపు, అక్కణ్ణుంచి క్లిప్పులు కొట్టిన రాగి గొట్టం. పైపు మీద ముద్రించిన తేదీ చూసుకోండి, అయిదేళ్లకు మార్చాలి. మంట ఆరితే గ్యాస్ తనంతట తనే ఆగిపోయే పొయ్యి కొనండి. లీకు అలారం మోకాలి కన్నా కిందే పెట్టాలి. మొన్న ఒకరి వ్యాన్‌లో సీలింగ్‌కు బిగించి చూపించారు, పొగ అలారం అనుకున్నారట.

బండి కదిలే ముందు రెగ్యులేటర్ ఆపేయాలి. హార్స్‌లీ హిల్స్ మలుపులు ఎక్కి దిగాక ఒకసారి జాయింట్లన్నిటికీ సబ్బు నురగ రాసి చూడండి. కుదుపులకు నట్లు ఒదులవుతాయి. వాసన వస్తే స్విచ్చులేవీ ముట్టుకోకుండా దిగిపోయి, గ్యాస్ లీకు ఎమర్జెన్సీ నంబరు 1906కు ఫోన్ చేయండి. ఇంకొకటి, మంచం సింకు పెట్టించడం కూడా బండి మార్పు కిందికే వస్తుంది. పని సగంలో ఉండగానే ఆర్టీవో ఆఫీసులో అనుమతి సంగతి తేల్చుకోండి.

ప్రశ్న: గ్యాసే వద్దు, బ్యాటరీ మీద ఇండక్షన్ పొయ్యి పెట్టుకుంటానంటే మా ఆయన నవ్వుతున్నారు. కుదరదా?
– ఒక పాఠకురాలు, వైట్‌ఫీల్డ్

జవాబు: కుదురుతుందమ్మా. 1,500 వాట్ల పొయ్యి నలభై నిమిషాలు వాడితే ఒక యూనిట్. 12 వోల్టుల 100 ఏహెచ్ (ఆంపియర్-అవర్) లిథియం బ్యాటరీలో ఉండేది 1.28 యూనిట్లు. ఇన్వర్టర్ తినేది పోను ఒక పూట వంటకు బొటాబొటీ. రెండు బ్యాటరీలుంటే టెన్షన్ లేదు. ఇంట్లో యూపీఎస్‌కు పెట్టే ట్యూబులర్ బ్యాటరీ తెచ్చి పెడతానంటే మాత్రం నేనూ మీవారితో కలిసి నవ్వుతాను. దాన్ని సగానికి మించి వాడితే తొందరగా పాడవుతుంది. వైరు దగ్గర పీనాసితనం వద్దు. 12 వోల్టుల వైపు సుమారు 140 ఆంపియర్లు పారతాయి. అంత కరెంటును తట్టుకునే లావుది, బ్యాటరీ పక్కనే ఫ్యూజుతో వేయించండి.

ప్రశ్న: ఎలక్ట్రానిక్ సిటీ దగ్గర వ్యాన్‌లో టిఫిన్లు అమ్ముతాం. అయిదు కిలోల సిలిండర్, రెండు పెద్ద బర్నర్లు. గంటన్నర అయ్యేసరికి సిలిండర్ అడుగున చెమ్మ పట్టి, గ్యాస్ ఉండగానే మంట తగ్గుతోంది. లీకేమో అని భయం. మా తమ్ముడు వేడినీళ్ల బకెట్లో పెట్టమంటున్నాడు.
– ఒక పాఠకురాలు, హెబ్బగోడి

జవాబు: లీకు కాదు. లోపల ద్రవం ఆవిరి కావడానికి వేడి కావాలి, దాన్ని సిలిండర్ ఒంట్లోంచే లాగుతుంది. మీ బర్నర్లు అడిగినంత వేగంగా ఆ చిన్న సిలిండర్ ఇవ్వలేక చల్లబడి చెమ్మ పడుతోంది. ద్రవం మట్టం తగ్గేకొద్దీ ఇంకా నీరసిస్తుంది. మీ తమ్ముడి బకెట్ వద్దు, పడుకోబెట్టడమూ ఊపడమూ అసలే వద్దు. వ్యాపారానికి 19 కిలోల కమర్షియల్ సిలిండర్ తీసుకోండి. ఉత్తప్పం చివరిదాకా అదే మంట మీద కాలుతుంది.